నాన్న కోసం ఒక్క బటన్: పాత ఆంప్లిఫయర్ వెనక ఉన్న ఆ తొమ్మిది పిన్నుల పోర్ట్ దేనికో తెలుసా?

మీ ఇంట్లో పాత ఏవీ రిసీవర్ గానీ, హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్ గానీ ఉంటే ఒకసారి దాన్ని ముందుకి లాగి వెనక వైపు చూడండి. స్పీకర్ టెర్మినల్స్, హెచ్‌డీఎమ్‌ఐ, ఎరుపు-తెలుపు ఆర్‌సీఏ జాక్‌లు... వీటన్నిటి మధ్య, అటూ ఇటూ రెండు చిన్న స్క్రూలతో, పాత కంప్యూటర్ల వెనక ఉండేలాంటి పోర్ట్ ఒకటి కనిపించొచ్చు. దాని పక్కన ఆర్‌ఎస్-232 అని రాసి ఉంటుంది. మనలో చాలామందిమి దాంట్లో ఎప్పుడూ ఏమీ పెట్టి ఉండం. నేనూ అంతే. మా హాల్లో ఉన్న రిసీవర్ కొని పదేళ్లు దాటింది, ఆ పోర్ట్‌కున్న ప్లాస్టిక్ మూత కూడా నేను తీయలేదు.

పోయిన సంవత్సరం తీయాల్సి వచ్చింది. ఎందుకు తీశాను, దాంతో ఏం చేశాను, మధ్యలో ఎంత పెద్ద తప్పు చేశాను... అన్నీ ఈ ఆర్టికల్‌లో చెప్తా. కోడింగ్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు, విషయం అర్థమవుతుంది.

అసలు సమస్య ఏంటంటే...

మా నాన్నకి రేడియో పిచ్చి. పొద్దున్నే లేవగానే ఆకాశవాణి మోగాల్సిందే. భక్తిరంజనితో మొదలై వార్తల దాకా నడవాలి. రిసీవర్‌లో ఎఫ్ఎమ్ ట్యూనర్ ఉంది కాబట్టి, నేను సినిమాల కోసం కొన్న బాక్స్ చివరికి ఆయన రేడియో అయిపోయింది.

పక్షవాతం వచ్చాక కుడి చేయి సరిగ్గా పనిచేయట్లేదు. ఎడమ చేత్తో రిమోట్ పట్టుకుంటే బటన్ ఒకటనుకుని ఇంకోటి నొక్కేస్తారు. యాభైకి పైగా బటన్లున్న రిమోట్ అది, సగం అక్షరాలు అరిగిపోయాయి. ఒకసారి పొరపాటున ఇన్‌పుట్ మారిపోతే ఇక రేడియో రాదు. మొదట్లో "ఒరేయ్, ఇది చూడరా" అని పిలిచేవారు. తర్వాత్తర్వాత పిలవడం మానేశారు. రేడియో లేకుండానే కూర్చునేవారు.

"నిద్ర పాడు చేయడం ఎందుకని పిలవలేదురా," అన్నారు అడిగితే.

ఫోన్ యాప్ పెడదామా అంటే, ఆ కంపెనీ యాప్ ఇప్పుడు స్టోర్‌లోనే లేదు. పాత ఏపీకే వెతికి వేసినా కొత్త ఆండ్రాయిడ్ మీద ఓపెన్ కాలేదు. అయినా ఆయన ఆ వేళ్లతో టచ్ స్క్రీన్ మీద స్లైడర్ జరపలేరు. కావాల్సింది ఒక్కటే: పెద్ద బటన్. నొక్కితే రేడియో రావాలి. మళ్లీ నొక్కితే ఆగాలి. అంతే.

రిమోట్ సిగ్నల్ కాపీ చేస్తే సరిపోదా?

నాకూ మొదట వచ్చిన ఐడియా అదే. ఐఆర్ ఎల్‌ఈడీ ఒకటి పెట్టి, రిమోట్ పంపే కోడ్‌నే పంపితే పోలా? పోదు. రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఐఆర్ ఒన్-వే. రిమోట్ చెప్తుంది, ఆంప్ వింటుంది. విన్నదో లేదో రిమోట్‌కి తెలీదు. మధ్యలో కర్టెన్ అడ్డం వచ్చినా దానికి తెలీదు.

రెండోది, చాలా రిమోట్లలో పవర్ బటన్ టాగిల్. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేస్తుంది, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేస్తుంది. అమ్మ అప్పటికే టీవీ కోసం ఆంప్ ఆన్ చేసి ఉంటే, నాన్న బటన్ నొక్కగానే అది ఆగిపోతుంది. ఆయన మళ్లీ నొక్కుతారు, అమ్మ అరుస్తుంది. ఇంట్లో గొడవ గ్యారంటీ!

హెచ్‌డీఎమ్‌ఐ సీఈసీ సంగతేంటి అంటారా? టీవీ రిమోట్‌తో సౌండ్‌బార్ వాల్యూమ్ మారేది దాంతోనే. కేబుల్‌లో 13వ పిన్ మీద నడుస్తుంది. నిజానికి అదీ ఒక సీరియల్ ప్రోటోకాలే, కాకపోతే సెకనుకి సుమారు 400 బిట్లు పంపే నత్త నడక. టీవీ, ఆంప్ కలిసి ఆన్ అవ్వడానికి, వాల్యూమ్ మార్చడానికి బాగానే ఉంటుంది. కానీ నాకు కావాల్సింది టీవీతో సంబంధం లేకుండా రేడియో. దానికి సీఈసీ పనికిరాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, వెనక ఉన్న ఆ పోర్ట్.

ఆర్‌ఎస్-232 అంటే?

ఇది ఇప్పటిది కాదు. 1960లో వచ్చిన స్టాండర్డ్. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య మాటలు నడవడానికి పెట్టింది. 1969లో వచ్చిన సి వెర్షన్ బాగా ప్రచారంలోకి వచ్చింది, అందుకే చాలా ఆంప్‌ల మీద ఇప్పటికీ ఆర్‌ఎస్-232సి అని కనిపిస్తుంది. యూఎస్‌బీ వచ్చాక మన ల్యాప్‌టాప్‌ల నుంచి మాయమైంది గానీ, ఆంప్లిఫయర్లు, ప్రొజెక్టర్లు, ఫ్యాక్టరీ మెషీన్లలో మాత్రం బతికే ఉంది. ఆడిటోరియంలో ఒక్క బటన్ నొక్కితే ప్రొజెక్టర్, ఆంప్, స్క్రీన్ అన్నీ వరసగా ఆన్ అవుతాయి చూడండి, ఆ ఆటోమేషన్ వెనక తరచుగా ఉండేది ఇదే.

దీన్ని "సీరియల్" అని ఎందుకంటారంటే, బిట్లన్నీ ఒకే వైరు మీద క్యూలో ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. తొమ్మిది పిన్నులున్నా మనకి కావాల్సినవి మూడే:

• 2వ పిన్, 3వ పిన్: ఒకటి పంపేది, ఒకటి అందుకునేది
• 5వ పిన్: గ్రౌండ్

వైరు మీద ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల మధ్య ఉంటే అది 0. మైనస్ 3 నుంచి మైనస్ 15 మధ్య ఉంటే అది 1. అవును, తిరగేసినట్టే ఉంటుంది, మొదట్లో నేనూ తికమకపడ్డా. ఎవరూ ఏమీ మాట్లాడనప్పుడు లైన్ మైనస్‌లో ఉంటుంది.

ఆంప్‌లలో ఎక్కువగా కనిపించే సెట్టింగ్: 9600 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. అంటే సెకనుకి 9600 బిట్లు. ఒక్కో అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ కలిపి మొత్తం 10 బిట్లు. లెక్కేస్తే సెకనుకి 960 అక్షరాలు. ఇప్పటి వైఫై స్పీడ్‌ల ముందు ఇది జోక్‌లా ఉంటుంది. కానీ "ఆన్ అవ్వు" అని చెప్పడానికి ఎనిమిది అక్షరాలు చాలు. అంటే 8 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇంతకంటే స్పీడ్ దేనికి?

ఒక్కో బ్రాండ్‌ది ఒక్కో భాష

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా అర్థం చేసుకోవాలి. ఆర్‌ఎస్-232 అనేది రోడ్డు మాత్రమే. దాని మీద ఏ భాషలో మాట్లాడాలో ఆ స్టాండర్డ్ చెప్పదు. అది ఒక్కో కంపెనీ ఇష్టం. మంచి విషయం ఏంటంటే, చాలా కంపెనీలు తమ కమాండ్ లిస్ట్‌ని పీడీఎఫ్‌గా ఇచ్చాయి. అది లేకపోతే పోర్ట్ ఉన్నా పెద్దగా లాభం లేదు.

కమాండ్లని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, పీడీఎఫ్‌లో ఉన్నట్టే కొట్టాలి.

• ఆంక్యో, ఇంటెగ్రా: ప్రోటోకాల్ పేరు ఐఎస్‌సీపీ. ప్రతి కమాండ్ ముందు ఆశ్చర్యార్థకం, తర్వాత 1 అంకె. ఆ 1 అంటే రిసీవర్ అని అర్థం. పవర్ ఆన్ కావాలంటే !1పీడబ్ల్యూఆర్01. వాల్యూమ్‌కి ఎంవీఎల్, తర్వాత రెండు అక్షరాలు. ఆ రెండు అక్షరాల సంగతి కాసేపట్లో చెప్తా!
• డెనాన్, ఇప్పటి మరాంజ్: ఇంకా సింపుల్. ఆన్‌కి పీడబ్ల్యూఓఎన్, మ్యూట్‌కి ఎంయూఓఎన్. వాల్యూమ్‌కి ఎంవీ, తర్వాత అంకె. ఎంవీ80 అంటే 0 డెసిబెల్. ఎంవీ79 అంటే మైనస్ 1. మరి ఎంవీ795 అంటే? ఏడొందల తొంభై ఐదు కాదు, 79.5 అన్నమాట. అర మెట్టు కావాలంటే మూడో అంకె చేరుతుంది.
• నాడ్: 115200 బాడ్. చదవడానికి వాక్యంలా ఉంటుంది. మెయిన్.పవర్=ఆన్, మెయిన్.వాల్యూమ్=-40. ఈక్వల్ బదులు ప్రశ్న గుర్తు పెడితే ఇప్పుడెంతుందో చెప్తుంది.
• యమహా: నెట్‌వర్క్ ఉన్న మోడళ్లలో వైఎన్‌సీఏ అనే పద్ధతి. @మెయిన్:పీడబ్ల్యూఆర్=ఆన్ అని పంపాలి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆన్‌కి వేరే కమాండ్, ఆఫ్‌కి వేరే కమాండ్. టాగిల్ గొడవ లేదు. ఆన్‌లో ఉన్నదానికి మళ్లీ ఆన్ అని చెప్తే ఏమీ కాదు. పైగా ఇది టూ-వే. "నువ్వు ఆన్‌లో ఉన్నావా?" అని అడిగితే జవాబు వస్తుంది. ఎవరైనా వెళ్లి ముందున్న నాబ్ తిప్పినా, అడగకుండానే "వాల్యూమ్ ఇంతకి మారింది" అని చెప్పేస్తుంది. రిమోట్ ఎప్పటికీ చేయలేని పని ఇది.

నేను తెచ్చుకున్న సరంజామా

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఇవి తెచ్చా:

• ఈఎస్‌పీ32 బోర్డ్ ఒకటి
• మ్యాక్స్3232 చిప్ ఉన్న చిన్న మాడ్యూల్, తొమ్మిది పిన్నుల కనెక్టర్‌తో
• ఆర్కేడ్ గేమ్ మెషీన్లలో ఉండే పెద్ద ఎర్ర బటన్, లోపల ఎల్‌ఈడీతో
• రోటరీ ఎన్‌కోడర్, అంటే ఎటు తిప్పినా ఆగకుండా తిరిగే నాబ్
• పాత ఫోన్ చార్జర్ (ఇంట్లో ఉన్నదే)

మాడ్యూల్ ఎందుకు, ఈఎస్‌పీ32కి సీరియల్ పిన్స్ ఉన్నాయి కదా, డైరెక్ట్‌గా కలిపేస్తే పోలా అని మాత్రం అనుకోకండి. ఈఎస్‌పీ32 మాట్లాడేది 0, 3.3 వోల్టుల్లో. ఆర్‌ఎస్-232 మాట్లాడేది ప్లస్, మైనస్ వోల్టుల్లో. డైరెక్ట్‌గా కలిపితే బోర్డ్ పోతుంది. మధ్యలో ఆ మ్యాక్స్3232 దుబాసీలా నిలబడి ఇటు వోల్టుల్ని అటు మారుస్తుంది. పాత మ్యాక్స్232 చిప్ 5 వోల్టులది, 3.3 వోల్టుల బోర్డులకి 3232నే అడిగి తీసుకోండి.

ఇంకో టిప్. 2, 3 పిన్నుల్లో ఏది పంపేదో ఏది అందుకునేదో డౌట్ ఉంటే మల్టీమీటర్ తీయండి. నలుపు ప్రోబ్ 5వ పిన్ మీద, ఎరుపు ప్రోబ్ 2 మీద, తర్వాత 3 మీద పెట్టి చూడండి. ఏ పిన్ మీద మైనస్ వోల్టేజ్ నిలకడగా కనిపిస్తుందో అది ఆ డివైస్ పంపే పిన్. దాన్ని తీసుకెళ్లి ఇవతలి వైపు అందుకునే పిన్‌కి కలపాలి. నేను ఈ పని చేయకుండా రెండు గంటలు కేబుల్ తప్పుగా పెట్టి కోడ్‌ని తిట్టుకున్నా.

లాన్ పోర్ట్ కూడా ఉంది కదా, దాంతో ఎందుకు చేయలేదు అంటే, మా రూటర్ సంగతి నాకు తెలుసు. కరెంట్ పోయి వస్తే అది లేచి నిలబడేసరికి చాలాసేపు పడుతుంది. రూటర్ పడుకుంటే నాన్న బటన్ కూడా పడుకోకూడదు. వైరైతే ఆ బాధ లేదు.

ఇంక మా ఆంప్ మోడల్ పేరు చెప్పట్లేదు. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే దాంట్లో దాని తప్పు ఏమీ లేదు. తప్పంతా నాదే.

ఆ రోజు పొద్దున

కోడ్ రాయడం రాత్రి పదకొండింటికి పూర్తయింది. బటన్ నొక్కితే ఆంప్ ఆన్ అవ్వాలి, ట్యూనర్‌కి మారాలి, వాల్యూమ్ 40కి రావాలి. నాన్న మామూలుగా వినేది 38, 40 దగ్గర.

అందరూ పడుకున్నారు కాబట్టి టెస్టింగ్ కోసం వాల్యూమ్ 10 పెట్టా. నొక్కా. ఎల్‌ఈడీ వెలిగింది, చిన్నగా రేడియో వినిపించింది. వాల్యూమ్ ఎంతని ఆంప్‌ని అడిగా. 10 అంది. పర్ఫెక్ట్! కోడ్‌లో 10 తీసేసి 40 పెట్టి, అప్‌లోడ్ చేసి, బాక్స్‌ని నాన్న కుర్చీ పక్కన పెట్టి పడుకున్నా.

పొద్దున ఆరు కూడా కాలేదు. ఇల్లు అదిరిపోయే శబ్దానికి లేచా. హాల్లోకి పరుగెత్తా. భక్తిరంజని పాట ఫ్లాట్ మొత్తం మోగుతోంది. కిటికీ అద్దాలు కొట్టుకుంటున్నాయి. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాన్న కుర్చీలో బిగుసుకుపోయి, ఎడమ చేయి చెవికి అడ్డం పెట్టుకుని, మళ్లీ బటన్ నొక్కాలో వద్దో తెలియక దానివైపే చూస్తున్నారు. మొహం తెల్లబోయింది. నేను వెళ్లి ప్లగ్ పీకేశా.

కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. పై ఫ్లోర్ వాళ్లు బెల్ కొట్టి "అంతా బాగేనా అండీ?" అని అడిగి వెళ్లారు. ఆయనకి బీపీ ఉంది. ఏమైనా అయ్యుంటే? అన్న ఆలోచన ఆ రోజంతా నన్ను వదల్లేదు.

నాన్న మాత్రం ఒక్క మాట అన్నారు. "నేనేదో తప్పు నొక్కినట్టున్నానురా."

అది విన్నాక నాకింకా కష్టమనిపించింది. ఆయన నొక్కింది కరెక్టే. తప్పు పంపింది నేను.

తప్పు ఎక్కడ జరిగింది?

ప్లగ్ మళ్లీ పెట్టేముందు స్పీకర్ వైర్లు పీకేసి, ల్యాప్‌టాప్ తీసి లాగ్ చూశా. నేను పంపింది 40. ఆంప్ తిరిగి చెప్పింది కూడా 40. అంతా సరిగ్గానే ఉంది! మరి అంత సౌండ్ ఎలా వచ్చింది?

అప్పుడు తలెత్తి ఆంప్ ముందున్న డిస్‌ప్లే చూశా. 64 అని ఉంది.

పీడీఎఫ్‌లో ఒక్క ముక్క ఉంది, నేను చదవకుండా దాటేసింది. వాల్యూమ్ విలువ హెక్సాడెసిమల్‌లో ఇవ్వాలి. మనం మామూలుగా లెక్కపెట్టేది పదుల్లో. హెక్స్‌లో పదహారుల్లో. అందులో 40 అంటే నాలుగు పదహార్లు, అరవై నాలుగు! నేను 40 అనుకుని పంపా, అది 64 అని చదువుకుంది. మళ్లీ అడిగితే అదే హెక్స్‌లో 40 అని చెప్పింది. ఇద్దరం ఒకే అంకె చెప్పుకున్నాం, అర్థాలు మాత్రం వేరు. నాకు కావాల్సిన 40ని హెక్స్‌లో రాస్తే 28 అవుతుంది.

మరి రాత్రి టెస్ట్‌లో ఎందుకు దొరకలేదు? 10 అని పంపితే అది 16 అనుకుంది. వాల్యూమ్ 10కీ 16కీ చెవికి పెద్ద తేడా తెలీదు, రెండూ మెల్లగానే ఉంటాయి. డిస్‌ప్లే చూసుంటే తెలిసేది. నేను ల్యాప్‌టాప్ స్క్రీన్ మాత్రమే చూశా.

తేడా ఎంతో లెక్కేద్దాం. ఒక్కో మెట్టు ఒక డెసిబెల్ అనుకుంటే, 40 నుంచి 64 అంటే 24 డెసిబెల్స్ ఎక్కువ. పవర్‌లో చెప్పాలంటే దాదాపు 250 రెట్లు! వాల్యూమ్ అంకె ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, స్పీకర్‌కి వెళ్లే కరెంటు కథ వేరు. స్పీకర్లు బతికి బయటపడటం నా అదృష్టం.

ఇప్పుడు నా కోడ్ పాటించే రూల్స్

ఆ రోజు తర్వాత కోడ్ మొత్తం తీసేసి మళ్లీ రాశా. ఆంప్లిఫయర్‌ని కోడ్‌తో కంట్రోల్ చేసే ఎవరికైనా ఇవి పనికొస్తాయి:

1. ముందు ఆంప్‌లోనే లిమిట్ పెట్టండి. చాలా ఏవీ రిసీవర్ల సెటప్ మెనూలో గరిష్ఠ వాల్యూమ్ అనీ, పవర్ ఆన్ అయ్యేటప్పటి వాల్యూమ్ అనీ సెట్టింగ్‌లు ఉంటాయి. ఇది మొదటి తాళం. మా ఆంప్‌లో గరిష్ఠం 50 పెట్టా.

2. కోడ్‌లో ఇంకో లిమిట్. వాల్యూమ్ పంపే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. 15 కంటే తక్కువ, 48 కంటే ఎక్కువ ఏం వచ్చినా అక్కడే ఆగిపోవాలి. హెక్స్‌లోకి మార్చే పని కూడా ఆ ఒక్క చోటే జరగాలి. ఇంకెక్కడా కమాండ్‌ని చేత్తో రాయకూడదు.

3. వరస ముఖ్యం. మొదట పవర్ ఆన్. ఆంప్ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోగా పంపినవి గాల్లో కలిసిపోతాయి. అందుకే అది జవాబు చెప్పేదాకా "ఆన్‌లో ఉన్నావా?" అని అడుగుతూ ఉండాలి. జవాబొచ్చాక ముందు వాల్యూమ్ తగ్గించాలి, ఆ తర్వాతే ట్యూనర్‌కి మార్చాలి. నేను మొదట దీన్ని తిరగేసి రాశా.

4. గ్యాప్ ఇవ్వండి. డెనాన్ డాక్యుమెంట్‌లో అయితే కమాండ్‌కీ కమాండ్‌కీ మధ్య 50 మిల్లీసెకన్లు, పవర్ ఆన్ తర్వాత 1 సెకను ఆగమని రాసి ఉంటుంది. అన్ని ఆంప్‌లకీ ఇది మంచి అలవాటే. నాబ్ గబగబా తిప్పితే ప్రతి క్లిక్‌కీ ఒక కమాండ్ పంపకుండా, చివరి విలువ మాత్రమే పంపాలి.

5. ఒకేసారి 40కి దూకొద్దు. 20 దగ్గర మొదలుపెట్టి ఎనిమిది సెకన్లలో మెల్లగా 38కి ఎక్కుతుంది. ఎక్కడైనా తేడా అనిపిస్తే ఆపడానికి టైమ్ ఉంటుంది.

6. చెప్పింది కాదు, జరిగింది నమ్మండి. బటన్‌లో ఉన్న ఎల్‌ఈడీ, నొక్కినందుకు వెలగదు. ఆంప్ "ఆన్ అయ్యాను, ట్యూనర్‌లో ఉన్నాను" అని తిరిగి చెప్పాకే వెలుగుతుంది. అప్పటిదాకా మెల్లగా మినుకుమంటుంది.

7. టెస్ట్ చేసేటప్పుడు ఆంప్ డిస్‌ప్లేని చూడండి. ల్యాప్‌టాప్ కాదు. వీలైతే స్పీకర్ వైర్లు పీకేసి టెస్ట్ చేయండి. చిన్న అంకెతో పాసైంది కదా అని పెద్ద అంకెని నమ్మొద్దు.

ఇంకో చిన్న విషయం, బటన్ డీబౌన్స్. పెద్ద బటన్ లోపలి స్విచ్ ఒక్కసారి నొక్కినా కొన్ని మిల్లీసెకన్లు టకటకా కొట్టుకుంటుంది, ఈఎస్‌పీ32కి నాలుగైదు సార్లు నొక్కినట్టు కనిపిస్తుంది. నాన్న చేయి వణికితే అది ఇంకా ఎక్కువ. అందుకే ఒకసారి నొక్కాక రెండు సెకన్ల దాకా ఇంకో నొక్కు లెక్కలోకి రాదు.

నెట్‌వర్క్ ఉన్న ఆంప్ అయితే?

మీ ఆంప్ వెనక తొమ్మిది పిన్నుల పోర్ట్ లేకపోయినా, లాన్ లేదా వైఫై ఉంటే చాన్స్ ఉంది. చాలా కంపెనీలు అవే సీరియల్ కమాండ్లని నెట్‌వర్క్ మీదకి తెచ్చేశాయి. డెనాన్‌లో టెల్‌నెట్, 23వ పోర్ట్. యమహాలో 50000. ఆంక్యోలో 60128, అక్కడ కమాండ్ ముందు 16 బైట్ల హెడర్ అదనంగా చేర్చాలి, దాన్ని ఈఐఎస్‌సీపీ అంటారు. అంటే పాత భాషే, కొత్త రోడ్డు. ఇవన్నీ ఒక్కొక్కటీ రాసుకునే ఓపిక లేకపోతే హోమ్ అసిస్టెంట్‌లో ఈ మూడు బ్రాండ్లకీ రెడీమేడ్ ఇంటిగ్రేషన్లు ఉన్నాయి.

కానీ ఒక జాగ్రత్త. ఈ కమాండ్లకి పాస్‌వర్డ్ లాంటిది ఏదీ ఉండదు. మీ వైఫైలో ఉన్న ఎవరైనా ఆంప్‌కి ఏమైనా చెప్పొచ్చు. ఇంటికొచ్చిన ఫ్రెండ్స్‌కి గెస్ట్ వైఫై ఇవ్వండి. బయట నుంచి కంట్రోల్ చేద్దామని రూటర్‌లో ఆ పోర్ట్‌ని మాత్రం ఓపెన్ చేయకండి. అర్ధరాత్రి మీ వాల్యూమ్ ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు. అలాగే, స్టాండ్‌బైలో ఉన్న ఆంప్‌ని నెట్‌వర్క్ నుంచి లేపాలంటే మెనూలో నెట్‌వర్క్ స్టాండ్‌బై ఆన్ చేయాలి, దానికి కాస్త కరెంటు ఎక్కువ లాగుతుంది.

ఎవరు ట్రై చేయొచ్చు?

• పాత మంచి ఆంప్ ఉండి, రిమోట్ పోయినవాళ్లు
• యాప్ సపోర్ట్ ఆగిపోయి బాధపడుతున్నవాళ్లు
• ఈఎస్‌పీ32, ఆర్డుయినోతో ఎల్‌ఈడీ వెలిగించి, తర్వాత ఏం చేయాలా అని చూస్తున్న స్టూడెంట్స్
• సెకండ్ హ్యాండ్ ఆంప్ కొనబోతున్నవాళ్లు: వెనక ఆ పోర్ట్ ఉందేమో చూడండి, ఆ మోడల్ కమాండ్ లిస్ట్ పీడీఎఫ్ దొరుకుతుందో లేదో కూడా చూసుకోండి

ప్లస్: టూ-వే, కచ్చితంగా పనిచేస్తుంది, యాప్ అప్‌డేట్‌తో గానీ కంపెనీ సర్వర్‌తో గానీ సంబంధం లేదు, ఖర్చు తక్కువ.
మైనస్: బ్రాండ్‌కో భాష, కేబుల్ తికమక, డాక్యుమెంట్ ప్రతి లైనూ చదవకపోతే నాలా అయిపోతారు.

చివరిగా

కొత్త కోడ్ రెడీ అయినా నాన్న ఆ బటన్ జోలికి రాలేదు. "వద్దులేరా, మీరే పెట్టండి" అన్నారు. వారం పైన అలాగే ఉంది బాక్స్. నేను బలవంతం చేయలేదు. రోజూ పొద్దున ఆయన ముందే నేను నొక్కేవాణ్ణి. ఎల్‌ఈడీ మినుకుమినుకుమనడం, వెలగడం, రేడియో మెల్లగా పెరగడం ఆయన చూసేవారు. ఒకరోజు అడిగారు, "ఇంతకంటే పెరగదా?" అని. నాబ్‌ని చివరిదాకా తిప్పి చూపించా. 48 దగ్గర ఆగిపోయింది. "ఇంకా తిప్పు," అన్నారు. తిప్పా. పెరగలేదు. తల ఊపారు.

ఆ తర్వాత ఒక ఆదివారం లేచేసరికి హాల్లోంచి రేడియో వినిపిస్తోంది. అమ్మే పెట్టిందనుకున్నా. వెళ్లి చూస్తే అమ్మ ఇంకా నిద్రలోనే ఉంది. నాన్న కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో నాబ్ తిప్పుతున్నారు. నన్ను చూసి, "వార్తలకి రెండు పెంచా," అన్నారు.

ఆ బాక్స్‌లో ఉన్న టెక్నాలజీ నాన్న కంటే కొన్నేళ్లే చిన్నది. అయినా మొన్న కొన్న నా స్మార్ట్ స్పీకర్ కంటే ఇంట్లో ఎక్కువ వాడకంలో ఉన్నది అదే. మీ ఇంట్లో కూడా అలాంటి పోర్ట్ ఉంటే ఆ మూత తీసి చూడండి. పీడీఎఫ్ మాత్రం పూర్తిగా చదవండి!